సగం తూకం పాట

సెంటినరీ కాలనీ,
అక్టోబర్ 21

గోదావరిఖనిలో ఉన్న మా మార్కు తాతకు, పక్కన కూర్చుని ఏం రాసిందోనని తొంగిచూస్తున్న సుసన్నా అవ్వకు, డెబోరా వందనాలు.

ఫోన్ చేస్తే "నీ మాట డబ్బల గులకరాళ్లు ఊపినట్టు వినిపిస్తున్నది, ఏమున్నా రాసి పంపు" అని పెట్టేశావు. అందుకే ఈ కాలంలో కూడా కాగితం, కలం పట్టుకున్నాను. ఉత్తరంతో పాటు నా పాత ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్స్, ఒక పెన్‌డ్రైవ్ షిఫ్టు బస్సు నడిపే కిషన్ అన్నతో పంపుతున్నాను. జవాబు కూడా ఆయన చేతికే ఇవ్వు.

చర్చి యాభయ్యేళ్ల పండుగలో వినిపించడానికి నువ్విచ్చిన 1991 నాటి క్యాసెట్టును కంప్యూటర్లోకి ఎక్కించాను. టేపు రెండుచోట్ల మడతపడింది, ఒకచోట చీమ చచ్చి అతుక్కుంది. అయినా మన కోయర్ ముందు నిలబడి అవ్వ పాడిన ఆ క్రిస్మస్ పాట ఐదు నిమిషాలూ క్షేమం.

ఒకే పాటను రెండు రకాల ఫైళ్లుగా పెట్టాను. ఒకటి వేవ్, గరగర తీసేశాక పాట ఎలా వచ్చిందో అలాగే ఉన్నది. రెండోది ఫ్లాక్. దీన్ని లాస్‌లెస్ అంటారు. చోటు తక్కువ తీసుకుంటుంది కానీ శబ్దంలో రవ్వంత కూడా పోదు. ఫ్లాక్‌కు పాట పేరు, సంవత్సరం, రికార్డింగు రోజే తీసిన, క్యాసెట్టు అట్ట మీదున్న అవ్వ ఫొటో కూడా అంటించాను. తెల్లచీర, చేతిలో పాటల పుస్తకం, ఇంత పెద్దగా తెరిచిన నోరు. వినడానికి రెండు ప్లేయర్లున్నాయి. నీలం గుర్తుది ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చింది. నల్ల గుర్తుది నేను వేసింది, అందులో పేర్ల జాబితా తప్ప ఏ సోకూ ఉండదు. ఏది నొక్కినా ఒకటే.

విని "సరే" అను చాలు. పండుగ కమిటీ సెక్రటరీ శాంతిరాజ్ అంకుల్ ఫోన్‌కు ఒక కాపీ ఇప్పటికే పంపాను. రెండు నిమిషాల పని.

నీ మనవరాలు,
డెబోరా, బి.టెక్.
(ఉద్యోగం ఒక్కటే తక్కువ)

తా.క.: కవరు అంటించలేదు. కిషన్ అన్న చదవడని నమ్మకం.

*

గోదావరిఖని,
అక్టోబర్ 23, మొదటి షిఫ్టు

చి॥ డెబోరాకు తాత మార్కు ఆశీర్వదించి సమర్పించు తనిఖీ రిపోర్టు ఏమనగా:

ఉదయం ఎనిమిది గంటలకు పెట్టె తెరిచితిని. రెండు ఫైళ్లను పరిశీలించితిని. వేవ్ ఫైలు బరువు యాభై రెండు ఎంబీ. ఫ్లాక్ ఫైలు బరువు ఇరవై ఏడు ఎంబీ. కండ్లద్దాలు తుడుచుకొని మరల చూచితిని. ఇరవై ఏడే.

బిడ్డా, రిపోర్టు భాష పక్కకు పెట్టి అడుగుతున్న. మిగిలిన ఇరవై ఐదు ఏడ దిగింది?

నేను ముప్పై ఒక్క ఏండ్లు బొగ్గు బావిల సర్దార్ పని చేసిన. నా జాగల నిండ నింపి పంపిన టబ్బు పైన కాంటా మీద సగమే తూగిందనుకో. "సార్, గిది లాస్‌లెస్ టబ్బు" అని నేనంటె మేనేజర్ ఊకుంటడా? టబ్బు మీద ఏం రాసినా లోపట బొగ్గుండాలె గదా. నువ్వు దొంగతనం చేసినవంటలేను. నీ చేతుల మీదికెల్లి పోయిందంటున్న.

ఆ పాటల పన్నెండు మంది ఉన్నరు. యాభై రెండుల పన్నెండు మంది పడితే ఇరవై ఏడుల ఆరుగురే పడుతరు. ఏ ఆరుగురిని దింపినవో పేర్లు రాసి పంపు.

ఇట్లు,
మార్కు, మైనింగ్ సర్దార్ (రిటైర్డ్),
సర్టిఫికెట్ ఇంకా గోడ మీదనే ఉన్నది

తా.క.: దింపినోళ్లల్ల శాంతిరాజ్ వాళ్లమ్మ మార్తమ్మ ఉంటె ఫికర్ చెయ్యకు. ఆమె ఎప్పుడు వెనుక వరుసనే. పెదవులు కదిలేటియి గని సప్పుడు రాకపోయేది.

ఇంకో తా.క.: బిడ్డా, నేను అవ్వను. తాత చాయ్‌కి లేచిండు. ఆ పాటను మరీ అంత సాఫు చెయ్యకు. పాతది పాతగనే గరగర అంటుంటె మంచిగుంటది.

*

సెంటినరీ కాలనీ,
అక్టోబర్ 25

నా మీద ఇరవై ఐదు ఎంబీల నేరం మోపిన తాతకు, నిర్దోషి డెబోరా వందనాలు.

నీ ఉత్తరం చదివి పది నిమిషాలు కుర్చీలోనే ఉండిపోయాను. నాన్న ఓపెన్‌కాస్టు గని నుంచి డ్యూటీ దిగి వచ్చి, నా ముఖం చూసి, "ఏంది బిడ్డా, మళ్ల ఇంటర్వ్యూ పోయిందా?" అన్నాడు. "లేదు నాన్నా, ఆరుగురిని దించేసిననట" అన్నాను. ఆయన స్నానానికి వెళ్లిపోయాడు. ఈ ఇంట్లో ఎవరూ రెండో ప్రశ్న అడగరు.

తాతా, నేను ఎవరినీ దించలేదు. పన్నెండు మందీ ఉన్నారు. బొంత పరిస్తే గదంతా ఆక్రమిస్తుంది, మడిచి పెడితే పెట్టెలో ఒక మూలకు వస్తుంది. బొంత అదే. ఫ్లాక్ అంటే మడిచిన బొంత.

ఇంకా అర్థం కాకపోతే హాజరు పుస్తకం గుర్తు తెచ్చుకో. నీ షిఫ్టులోని రాయమల్లు పేరు ఎదురుగా ఇరవై ఆరు గడుల్లో ఇరవై ఆరు సార్లు "హాజరు" అని రాయొచ్చు. "నెలంతా హాజరు" అని ఒక్కసారి రాసినా అర్థం అదే. వేవ్ ఇరవై ఆరు సార్లు రాస్తుంది. ఫ్లాక్ ఒక్కసారి రాస్తుంది. పాట మోగేటప్పుడు ప్లేయర్ దాన్ని విప్పి మళ్లీ ఇరవై ఆరు చేసి చదువుతుంది. రాయమల్లుకు ఒక్క నాగా పడదు.

నా మాట విని ఆ తూకం వదిలెయ్. పాటను చెవితో విను.

నీ మనవరాలు,
డెబోరా

తా.క.: ఇది అవ్వకు మాత్రమే, తాత చదవకూడదు. అవ్వా, గరగర తీసేస్తేనే నీ గొంతు బయటపడింది. అంత మంచి గొంతును ఎందుకు దాచిపెట్టుకుంటావు?

*

గోదావరిఖని,
అక్టోబర్ 28

చి॥ డెబోరాకు తాత మార్కు రెండవ రిపోర్టు.

బొంత మడిచినా విప్పినా కాంటా మీద ఒక్కటే తూగుతది. ఇంజనీరింగు చదివిన పిల్లవు, ఇది తెల్వదా?

ఇక హాజరు సంగతి. నెలకు ఒక్కటే గీత గీసే క్లర్కు మా కాలంల ఒకడుండె. అతని పుస్తకంల "నెలంతా హాజరు" ఉన్న మనిషి, ఆ నెలంతా కమాన్‌పూర్ల సొంత పొలంల నాట్లేసుకుంటుండె. నువ్వు చెప్పే లాస్‌లెస్ ఏందో నాకు అప్పుడే ఎరుక.

అయినా నువ్వు చెప్పినవని తూకం పక్కకు పెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టుకొని, తలుపు దగ్గరికేసి తనిఖీ చేసితిని. ఫలితములు:

నీలం ప్లేయర్ల ఫ్లాక్: సుసన్నా పాడుతున్నది. ఖంగుమంటున్నది.

నీలం ప్లేయర్ల వేవ్: వేరే ఆడమనిషి పాడుతున్నది.

నల్ల ప్లేయర్ల ఫ్లాక్: వేరే ఆడమనిషి.

నల్ల ప్లేయర్ల వేవ్: ఆ వేరే ఆడమనిషే.

బిడ్డా, కరెంటు తీగ పట్టుకున్నట్టయింది నాకు. సగం టబ్బుల నా పెండ్లాం నిండుగున్నది. నిండు టబ్బుల మనిషే మారిపోయింది. గిదేం సాఫ్టువేరు?

ఇది నవ్వులాట కాదు, ఎందుకో చెప్త. బావిల పొద్దుగాల దిగంగనే సర్దార్ పని ఏంది? కర్రతోని పైకప్పును కొట్టి చెవి పెట్టుడు. ఖంగుమంటె మనుషులను లోపటికి పంపాలె. డొల్ల సప్పుడొస్తె అందరిని వెనక్కి తోలాలె. ముప్పై ఒక్క ఏండ్లల్ల నా షిఫ్టుల ఒక్క మనిషి మీద రాయి పడలే. అది ఈ చెవి పుణ్యం.

ఇప్పుడు శాంతిరాజ్ అంటున్నడు, "పెద్దాయన చెవులు పోయినయ్, దవాఖాన చీటీల రాసున్నది. శ్రుతి చూసేటందుకు ఫోన్ల యాప్ పెట్టుకుందం" అని. కోయర్ ముందట నా కుర్చీ ఇరవై నాలుగేండ్ల సంది ఉన్నది. ఎవలన్న శ్రుతి తప్పితె ఆ బావి కర్రతోనే నేల మీద ఒక్కటి కొడుత. పండుగ నాడు ఆ కుర్చీ తీసేద్దమంటున్నరు. రెండు ఫైళ్లు ఒక్కటే అని నువ్వు రాస్తె, నా చెవి పోయినట్టు. కాదంటె కుర్చీ ఉంటది. ఆలోచించి రాయి.

ఇట్లు,
మార్కు, మైనింగ్ సర్దార్ (రిటైర్డ్)

తా.క.: శాంతిరాజ్ నువ్వు పంపిన పాటను కమిటీ ముందట పదిసార్లు పెట్టిండట. "సుసన్నమ్మ గొంతును వెయ్యి మందిల గుర్తుపడుత" అన్నడట. పండుగ నాడు అవ్వకు శాలువా కప్పుతరట. రెండు రోజుల సంది అవ్వ అన్నం సరిగ తింటలేదు. సంతోషం కావొచ్చు.

ఇంకో తా.క.: అవ్వను. గీ పెన్‌డ్రైవ్ నీళ్లల్ల పడితె ఖరాబైతదా? ఊరికెనే అడుగుతున్న.

*

సెంటినరీ కాలనీ,
అక్టోబర్ 30

తాతకు వందనాలు. "వేరే ఆడమనిషి" దగ్గర నా చేతిలో చాయ్ ఒలికింది. ఈ కాగితం మీద మరక అదే.

వెంటనే రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి సరిపోల్చాను. ఫ్లాక్‌ను విప్పితే రెండున్నర కోట్లకు పైగా అంకెలు వస్తాయి. వేవ్‌లో ఉన్నవీ అవే. ఒక్క అంకె తేడా లేదు. తేడా ప్లేయర్లో ఉందేమోనని అదీ చూశాను. కొన్ని ప్లేయర్లు మనకు చెప్పకుండా బేస్ పెంచుతాయి, చర్చిలో మోగినట్టు ప్రతిధ్వని కలుపుతాయి. నీకు పంపిన రెండింటిలోనూ అవన్నీ ఆపేసే పంపాను. ఆపకపోయినా అవి గొంతును లావు చేయగలవు, సన్నం చేయగలవు. పాడే మనిషినే మార్చే బటన్ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఇంటర్నెట్లో వేలమంది పెద్దమనుషులు ఇదే మాట మీద ఏళ్ల తరబడి తిట్టుకుంటున్నారు. వేవ్ వెచ్చగా ఉందని ఒకరు, ఫ్లాక్ పొడిగా ఉందని ఒకరు, ఫలానా ప్లేయర్లో పాటకు గాలి ఆడుతోందని ఇంకొకరు. వాళ్లలో ఎంత ముదిరినవాళ్లు కూడా పెండ్లాం మారిపోయిందని రాయలేదు తాతా.

కుర్చీ సంగతి చదివాక మాత్రం నవ్వు ఆగిపోయింది. నీ మాట, నా మాట కాకుండా ఒక పరీక్ష పెడదాం. ఈ రెండో పెన్‌డ్రైవులో ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసిన పది ఫైళ్లున్నాయి. అన్నీ అదే పాట. కొన్ని వేవ్, కొన్ని ఫ్లాక్. ఏది ఏమిటో నాణెం ఎగరేసి నిర్ణయించాను. బరువు కనిపించకుండా ఆ గడి దాచేశాను, వెతకనని మాట ఇవ్వు. నీకు తేడా తెలిసేది నీలం ప్లేయర్లోనే అన్నావు కాబట్టి అందులోనే విను. జవాబులు అతికించిన కవరులో ఉన్నాయి, అది అవ్వ దగ్గర ఉండాలి.

ఊరికే కళ్లు మూసుకుని చెప్పినా పదికి ఐదు తగులుతాయి. తొమ్మిది దాటితే నేనే వచ్చి శాంతిరాజ్ అంకుల్‌తో మాట్లాడతాను.

నీ డెబోరా

తా.క.: అవ్వ అడిగిందని కాదు గానీ, పెన్‌డ్రైవ్ నీళ్లలో పడినా ఎండలో ఆరబెడితే మామూలుగా బాగానే పనిచేస్తుంది.

ఇంకో తా.క.: కిషన్ అన్న నిన్న నన్ను రోడ్డు మీద ఆపి, "చెల్లె, బొంత ముచ్చట మంచిగ రాసినవ్ గని తాత జవాబే గట్టిగున్నది" అన్నాడు. కవరు అంటించాల్సింది.

*

గోదావరిఖని,
నవంబర్ 3

చి॥ డెబోరాకు పరీక్షా ఫలితములు.

ఒకటి వేరే మనిషి. రెండు, మూడు సుసన్నా. నాలుగు వేరే మనిషి. ఐదు సుసన్నా. ఆరు, ఏడు, ఎనిమిది వేరే మనిషి. తొమ్మిది, పది సుసన్నా.

పక్కింటి సదయ్యను సాక్షిగా పిలిచి, అతని ఎదుట కవరు చింపితిని. సుసన్నా అన్న చోటల్ల నీ కాగితంల ఫ్లాక్ అని ఉన్నది. వేరే మనిషి అన్న చోటల్ల వేవ్ అని ఉన్నది. పదికి పది. సదయ్య సంతకం కింద ఉన్నది, చూసుకో.

బిడ్డా, దవాఖాన మిషన్‌కు నా చెవి తెల్వకపోవచ్చు. నా చెవికి మాత్రం డొల్ల ఏదో గట్టిది ఏదో ఇంకా ఎరుకే. ఇంత సంబురం రిటైరైన నాడు గూడ కాలే. జల్ది రా, శాంతిరాజ్‌తోని మాట్లాడు.

ఇట్లు,
మార్కు, మైనింగ్ సర్దార్
(రిటైర్డ్ అని ఈసారి రాయబుద్ధి కాలే)

సాక్షి: సదయ్య

తా.క.: ఇంక ఆ వేరే మనిషి ఎవలో కనుక్కో. పాడుడైతే మంచిగనే పాడుతున్నది.

ఇంకో తా.క.: అవ్వను. పడ్డది. బియ్యం కడిగిన నీళ్లల్ల. తాత ఎండకు పెట్టిండు. ఖరాబ్ కాలే.

*

సెంటినరీ కాలనీ,
నవంబర్ 5

తాతా, వందనాలు.

పదికి పది చూసి నేను కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచాను. ఇంజనీరింగు నాలుగేళ్లలో నేర్చుకున్నదంతా ఒక షిఫ్టు బస్సులో వచ్చిన కాగితం తుడిచేసింది. మొదట అవ్వను అనుమానించాను, క్షమించు అవ్వా. కవరు ముందే తెరిచి ఉంటావనుకున్నాను.

తర్వాత ఆ పది ఫైళ్లను నేనే నీలం ప్లేయర్లో ఒక్కొక్కటిగా నొక్కాను. ఒకటో నంబరు నొక్కితే తెర మీద బూడిదరంగు గుర్తు వచ్చింది. రెండో నంబరు నొక్కగానే తెర నిండా అవ్వ. తెల్లచీర, పాటల పుస్తకం, తెరిచిన నోరు.

తాతా, తప్పు నాది. ఫ్లాక్‌కు ఫొటో పెట్టుకునే జేబు ఉంటుంది, మొదటి రోజే నేనే అందులో ఫొటో పెట్టాను. వేవ్‌కు పెట్టలేదు. నల్ల ప్లేయర్ ఎవరి ఫొటోనూ చూపదు. కంటికి అవ్వ కనిపించినప్పుడు నీకు అవ్వ వినిపించింది. కనిపించనప్పుడు వేరే మనిషి వినిపించింది. పదికి పది నీ కళ్లకు వచ్చిన మార్కులు. చెవికి కాదు.

ఇది రాయడానికి నాకు చేతులు రావడం లేదు. కానీ నువ్వే నేర్పావు, పైకప్పు డొల్లగా ఉంటే మొహమాటపడి మనుషులను లోపలికి పంపకూడదని.

ఇంకో పెన్‌డ్రైవ్ పంపుతున్నాను. మళ్లీ పది ఫైళ్లు. ఎందులోనూ ఫొటో లేదు. ఈసారి దాచిపెట్టేది ఏమీ లేదు, పదింటిలోనూ పాడేది అవ్వే. నెమ్మదిగా విను. ఒక్కదాంట్లో అవ్వ వినిపించినా నీ కుర్చీ కోసం శాంతిరాజ్ అంకుల్‌తో నేను పోట్లాడతాను.

పండుగ నాటికి రాలేను. సోమవారం పొద్దున్నే హైదరాబాదులో ఇంటర్వ్యూ ఉంది, ఆదివారమే బయల్దేరాలి. కోపం తెచ్చుకోకు.

నీ డెబోరా

తా.క.: బస్సులో ఫ్లాక్ పార్టీ, వేవ్ పార్టీ అని రెండు జట్లు అయ్యాయట. నాన్న ఏ జట్టో అడిగితే "నేను కిటికీ సీటు" అన్నాడు.

*

గోదావరిఖని,
నవంబర్ 8

డెబోరా బిడ్డకు,

పది విన్న. తెర మీద తువ్వాల కప్పి విన్న. పదిట్ల పదీ వేరే మనిషే.

నువ్వేమో పదీ అవ్వేనంటున్నవ్. నువ్వు అబద్ధం చెప్పవు. నలభై ఎనిమిదేండ్లు కాపురం చేసిన మనిషి గొంతు ఈ చెవి పదిసార్లు విని ఒక్కసారి గుర్తుపట్టలే. ఇంక ఈ చెవిని నమ్మి ఎవల్ని లోపటికి పంపుత?

ఆదివారం పండుగల కర్ర శాంతిరాజ్ చేతికిస్త. కుర్చీ వాళ్ల ఇష్టం. నువ్వు బాధపడకు, నీ పని నువ్వు సక్రమంగ చేసినవ్. ఇంటర్వ్యూ మంచిగ చెయ్యి.

మార్కు

తా.క.: రిపోర్టు ఇంతే.

*

గోదావరిఖని,
నవంబర్ 11

డెబోరా బిడ్డకు అవ్వ ముద్దులు. ఈసారి తా.క. వెనుక దాక్కోకుంట పూర ఉత్తరమే రాస్తున్న. కూసోని చదువు.

నిన్న చర్చి నిండ జనం. మనిషంత ఎత్తు సౌండు బాక్సులు పెట్టి నీ పాట మోగించిండ్రు. అందరు నా దిక్కు చూసి నవ్వుడు, చేతులు పట్టుకునుడు. శాంతిరాజ్ శాలువా మడత విప్పి పట్టుకున్నడు. గప్పుడే మీ తాత లేచిండు. కర్ర తీస్కపోయి శాంతిరాజ్ చేతుల పెట్టిండు. మైకుల అన్నడు గదా, "నాకు పాట వినిపించింది. పాడిన మనిషి వినిపియ్యలే. నా చెవి డ్యూటీ అయిపోయింది" అని. ముప్పై ఒక్క ఏండ్లు బావిల ఆయన చేతుల ఉన్న కర్ర అది బిడ్డా.

నాకు కూసోబుద్ధి కాలే. లేచి, "ఆ పాట పాడింది నేను కాదు" అన్న.

చర్చిల అందరు నా దిక్కు తిరిగిండ్రు.

నాకు అప్పుడు నాలుగు రోజుల సంది గొంతు బందయ్యింది బిడ్డా. రికార్డు చేసేటాయన కరీంనగర్ నుంచి ఆ ఒక్క నాడే వచ్చిండు, మళ్ల రానన్నడు. మీ తాత రెండో షిఫ్టుల ఉండె. మా అందరికంటె మంచి గొంతు మార్తమ్మది. గని వాళ్లత్త "మైకుల పాడే కోడలు నాకద్దు" అని అన్నది. అందుకే ఆమె రోజు వెనుక వరుసల ఉత్తగ పెదవులు కదిపేది. ఆ నాడు నేను ముందట నోరు తెరిచి నిలబడ్డ, ఆమె నా వీపు వెనుక నిలబడి పాడింది. ఫొటోల నా నోరు ఇంత పెద్దగ ఉన్నది గదా, అండ్ల సప్పుడు లేదు బిడ్డా.

షిఫ్టు దిగి వచ్చేటాలకు మీ తాత చేతుల క్యాసెట్టు పెట్టి, "మీ ఇంటామె పాట" అని అందరు చెప్పిండ్రు. ఆయన మురిసిపోయిండు. రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకుంట ముప్పై మూడేండ్లాయె. ఎప్పుడు విన్నా ఆ క్యాసెట్టు అట్ట మీది నా ఫొటో చూసుకుంటనే విన్నడు. వరుసల ఉన్నోళ్లందరికి ఎరుకే. మార్తమ్మ అత్తకు భయపడి ఒక్కలు గూడ నోరిప్పలే. ఇప్పుడు వాళ్లల్ల నేను, మార్తమ్మనే మిగిలినం.

ముందు బెంచీల మార్తమ్మ ముఖం మీద కొంగు కప్పుకున్నది. డెబ్బై ఎనిమిదేండ్లు ఆమెకు. కొంగు కొంచెం జరిపి, "ఏంది సుసన్నా, మా అత్త ఇప్పుడు లేదు గదా?" అని అడిగింది. లేదన్న. అప్పుడు కూసున్న కాడనే ఒక్క చరణం పాడింది. కొద్దిగ జీర వచ్చింది గని అదే గొంతు.

శాంతిరాజ్‌ను చూడాలె నువ్వు. ఒక చేతుల కర్ర, ఒక చేతుల శాలువా. కన్నతల్లి గొంతును కమిటీ ముందట పదిసార్లు పెట్టి, "సుసన్నమ్మను వెయ్యి మందిల గుర్తుపడుత" అన్నోడు. మీ తాత అతని దగ్గరికి పోయి, తిట్టలే, ఏం చెయ్యలే. "శాంతిరాజ్, నీ యాప్ ఏమంటున్నది?" అని ఒక్కటే అడిగిండు.

శాలువా మార్తమ్మకు కప్పిండ్రు. కుర్చీ తీసుకొచ్చి ముందట వేసింది శాంతిరాజే. కర్ర మీ తాత చేతికి రెండు చేతుల తోని ఇచ్చిండు.

ఇంటికచ్చినంక మీ తాత అన్నం తిన్నడు, పండుకున్నడు, లేచిండు. నేనే అడిగిన, "కోపమా?" అని. "ముప్పై మూడేండ్లు పైకప్పు డొల్లగున్నా కొట్టి చూసుకోలే, అది నా తప్పు" అన్నడు. జర సేపటికి, "మరి నువ్వు పాడింది ఏడున్నది?" అన్నడు.

ఏడ లేదు బిడ్డా. నేను పాడింది ఏ క్యాసెట్ల లేదు. ఆ మాట ఇద్దరికి అప్పుడే తట్టింది.

ఇంటర్వ్యూ కాంగనే ఆ మైకు పట్టుకొని రా. నా గొంతు ఇప్పుడు బొంగురు, అయినా సరే. మీ తాత ఒక్కటే చెప్పమన్నడు, దానికి ఫొటో అంటియ్యద్దట. నన్ను ఎదురుంగ కూసోబెట్టుకోని వింటడట.

నీ అవ్వ,
సుసన్నా

తా.క.: పెన్‌డ్రైవ్ ఇంకోసారి నీళ్లల్ల వెయ్యను.

ఇంకో తా.క.: ఇది తాత. అవ్వ పొయ్యి కాడికి పోయింది. పాట రెండు తీర్ల చేసి పంపు, తూచే తీసుకుంట. రికార్డు చేసే నాడు ఆమె వీపు వెనుక ఒక్కల్ని గూడ నిలబడనియ్య. ఆ డ్యూటీ నాది.